డాబా మీద గదికి నెట్: రిపీటర్, మెష్, వైరు మూడూ వాడి చూశాను

నమస్కారం అండి. ఇప్పుడు నేను మా ఇంటి డాబా మీద గదిలో ఉన్నాను. ఊరు విజయవాడ. నా వెనక కిటికీలో కనపడుతున్నది మా నీళ్ళ ట్యాంకు. కింద మేం ఉంటాం, మధ్య అంతస్తులో అద్దెకున్నవాళ్ళు, ఆ పైన ఈ ఒక్క గది. నెట్ బాక్స్, అంటే రౌటర్, కింద హాల్లో, టీవీ పక్కన ఉంది. అంటే దానికీ ఈ గదికీ మధ్య రెండు శ్లాబులు.

మా అక్క ఆరు నెలలుగా ఈ గదిలోంచే ఉద్యోగం చేస్తోంది. మీటింగ్‌లో తను మాట్లాడుతుంటే అవతలివాళ్ళకి బొమ్మ ఆగిపోయేది. ఒకరోజు కిందికి వచ్చి, "తమ్ముడూ, నేను చెప్పేది సగమే వినపడుతోందట, అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు. రేపు క్లయింట్ కాల్ ఉందిరా, ఏదో ఒకటి చెయ్యి" అంది. ఆ టెన్షన్ చూశాక పట్టుపట్టి మొదలుపెట్టాను. ఈ వీడియోలో చూపించేవన్నీ నా డబ్బుతో కొన్నవే, ఏ కంపెనీ పంపలేదు.

ముందు అసలు సిగ్నల్ ఎంతుందో కొలుద్దాం. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుంటే మైనస్ అంకె ఒకటి కనపడుతుంది. మైనస్ 50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 70 దాటితే వీడియో కాల్ కష్టం. ఈ గదిలో మైనస్ 82 వచ్చింది. మా ప్లాన్ 200 ఎంబీపీఎస్. కింద హాల్లో 190 వస్తుంటే ఇక్కడ 4, 5 మించలేదు.

కారణం శ్లాబే. కాంక్రీటు, లోపల ఇనుప కడ్డీలు. రౌటర్‌లో రెండు బ్యాండ్లు, అంటే సిగ్నల్ వెళ్ళే రెండు దారులు ఉంటాయి కదా, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 5లో స్పీడు ఎక్కువ, కానీ గోడలు, శ్లాబులు దాటడంలో అది బలహీనం. మా గదిలోకి 2.4 ఒక్కటే వస్తోంది. అందులో మధ్య అంతస్తువాళ్ళ వైఫై, పక్క ఇళ్ళ వైఫై అన్నీ తోసుకుంటున్నాయి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. యాంటెన్నా నిలువుగా నిలబెడితే సిగ్నల్ దాని చుట్టూ గారెలా పరుచుకుంటుంది. గారె మధ్యలో చిల్లు ఎలా ఉంటుందో, యాంటెన్నాకి సరిగ్గా పైనా కిందా సిగ్నల్ అలా పలచబడుతుంది. ఒక యాంటెన్నాని అడ్డంగా పడుకోబెట్టి చూడండి. మా ఇంట్లో మైనస్ 82 కాస్తా మైనస్ 77 అయింది. మాకు చాలలేదు గానీ, ఒక్క శ్లాబు అడ్డున్న ఇళ్ళకి ఇదే సరిపోవచ్చు. పైసా ఖర్చు లేదు కాబట్టి ముందు ఇదే చెయ్యండి.

మొదట కొన్నది రిపీటర్, వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ పంపేది, 1500 రూపాయలు. దీన్ని నెట్ రాని గదిలో పెట్టకూడదు. రాని సిగ్నల్‌ని అది మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది? బాగా వచ్చేచోట, సగం దారిలో పెట్టాలి. నేను మెట్ల మలుపులో, లైటు స్విచ్ పక్కనున్న ప్లగ్గులో పెట్టాను. ఈ గదిలో స్పీడు 30 దాకా వచ్చింది. యూట్యూబ్‌కి హాయిగా సరిపోయింది. కాల్‌లో మాత్రం మాట తెగుతూనే ఉంది. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వింటుంది, దాంతోనే మళ్ళీ చెబుతుంది. అందుకే స్పీడు సగానికి సగం పోతుంది, ఆలస్యం పెరుగుతుంది. సినిమా అయితే ముందే కొంత దాచుకుని నడుస్తుంది, కాల్‌కి ఆ వీలు లేదు.

పవర్‌లైన్ అడాప్టర్ ఒక స్నేహితుడి దగ్గర తెచ్చి చూశాను, కరెంటు తీగల్లోంచే నెట్ పంపేది. మా పై గదికి మీటరు వేరు, ఫేజు వేరు. రెండు అడాప్టర్లూ ఒకదాన్నొకటి కనుక్కోనేలేదు. అంతస్తుకో మీటరు ఉన్న ఇళ్ళలో దీని జోలికి వెళ్ళకండి.

తర్వాత మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెలు, రెండు పీసుల సెట్, 6000 చిల్లర అయింది. ఒకటి హాల్లో, ఒకటి మెట్ల మలుపులో. ఇది మంచి వస్తువే. పగలు 80, 90 వచ్చేది. ఫోన్ పట్టుకుని మెట్లు ఎక్కుతున్నా కాల్ తెగదు. కానీ ఈ గది ఇనుప తలుపు వేస్తే 40కి పడిపోతుంది, సాయంత్రం చుట్టుపక్కల అందరి వైఫైలూ మొదలయ్యాక ఇంకా ఊగుతుంది. అక్కకి కాల్స్ ఉండేది సరిగ్గా ఆ సాయంత్రాలే.

అప్పుడు వైరు లాగించాను. మొదటే చేయాల్సిన పని ఇది. ఇదిగో, క్యాట్ 6 కేబుల్, నెట్ మోసే ఈథర్నెట్ వైరులో ఒక రకం, 30 మీటర్లు. ఈథర్నెట్ వైరు 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, కాబట్టి ఎంత పెద్ద ఇంటికైనా దూరం సమస్య కాదు. కొనేటప్పుడు జాగ్రత్త. షాపులో చవగ్గా ఇచ్చేవాటిలో చాలావరకు అల్యూమినియం తీగకి రాగి పూత పూసినవి. తీగ చివర బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే వద్దని చెప్పండి. పూర్తి రాగిదే అడగండి. ఎండలో వెళ్ళేచోట నల్ల తొడుగున్న బయటి రకం కావాలి, లోపలి రకం వేస్తే విజయవాడ ఎండకి తొడుగు పెళుసెక్కి పగుళ్ళిస్తుంది.

పాత కేబుల్ టీవీ పైపు ఖాళీగా ఉంటే అందులోంచే లాగించండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం కలపొద్దు. కిటికీ దగ్గర లోపలికి తెచ్చేముందు వైరుని కొంచెం కిందికి వేలాడదీసి ఆ తర్వాత పైకి తిప్పాలి. అలా చేస్తే వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, గదిలోకి రావు. ఉరుములు మెరుపులు మొదలుకాకముందే రెండు చివరలా వైరు ఊడదీయండి.

పై చివరన మా పాత రౌటరే పెట్టాను. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పద్ధతి) ఉంటే అది ఆన్ చేస్తే చాలు. లేకపోతే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా అంకె) మార్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకీ కంప్యూటర్లకీ ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆఫ్ చేసి, వైరుని ల్యాన్ పోర్టులో పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందదే ఇవ్వండి. 2.4లో ఛానల్ (ఆ బ్యాండ్‌లోని చిన్న దారి) మాత్రం వేరుగా ఉండాలి. కింద 1 అయితే పైన 6 గానీ 11 గానీ.

ఒక ఇబ్బంది వచ్చింది, చెప్పాలి. లాగిన రోజు స్పీడు 94 దగ్గరే ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ కొట్టిన కనెక్టర్‌లో ఒక తీగ సరిగా దిగలేదు. లోపల 8 తీగలుంటాయి, ఒక్కటి తేడా వచ్చినా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకు పడిపోయి 100 దగ్గర ఆగిపోవచ్చు. మళ్ళీ కొట్టించాక ఇప్పుడు చూడండి, తలుపు వేసి పరీక్షిస్తున్నాను... 193. హాల్లో ఉన్న బాక్స్‌కి పింగ్, అంటే సమాచారం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం, 2 మిల్లీసెకన్లు. కేబుల్, కూలీ, కనెక్టర్లు అన్నీ కలిపి 1800 అయింది, మెష్ ఖరీదులో మూడో వంతు కూడా కాదు.

అద్దె ఇల్లయి, వైరు లాగడానికి ఓనర్ ఒప్పుకోకపోతే అప్పుడు మెష్ తీసుకోండి. పై గదిలోనే నెట్ ఎక్కువ వాడతారనుకుంటే, ఫైబర్ బాక్స్‌నే పైకి మార్చమని మీ నెట్ ఆపరేటర్‌ని అడగండి. ఫైబర్ అంటే వెలుగుతో నెట్ మోసే సన్న గాజు తీగ, దాన్ని మరీ మడత పెడితే లోపలి వెలుగు బయటికి పోతుంది, మలుపుల దగ్గర గుండ్రంగా తిప్పమని దగ్గరుండి చెప్పండి.

కరెంటు పోతే? కింద బాక్స్ ఇన్వర్టర్ మీద ఉంది, పై గదికి ఇన్వర్టర్ లేదు. అందుకని 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టాను. మీ రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే కొనండి. నిన్న సాయంత్రం గంటసేపు కరెంటు లేదు. ఫ్యాన్ ఆగింది, లైటు ఆగింది. అక్క కాల్ మాత్రం నడుస్తూనే ఉంది, చివరిదాకా.