ఐడెక్స్ గెలిస్తే కోటిన్నర చేతికొస్తుందా? హై వోల్టేజ్ మెషిన్, సర్కారు గ్రాంటు అసలు లెక్క

నమస్తే. హనుమకొండలో స్టార్టప్ మాట ఎత్తితే చాలు, "డిఫెన్స్ వాళ్లు కోటిన్నర ఇస్తారట కదా, ఇంకేం కావాలి?" అంటారు. వాళ్లు చెప్పేది ఐడెక్స్ గురించి, అంటే కొత్త రక్షణ పరికరాలు తయారుచేసేవాళ్లకు రక్షణ శాఖ డబ్బిచ్చే పథకం. వినీ వినీ చిరాకొచ్చి ఈ వీడియో చేస్తున్నాను. కోటిన్నర అబద్ధం కాదు. అది వచ్చే తీరే వేరు.

ఆ డబ్బుతో చేయాలనుకునే మెషిన్‌కు ఒక ఉదాహరణ ముందు చూద్దాం. మార్క్స్ జనరేటర్. ఎర్విన్ మార్క్స్ అనే జర్మన్ ఇంజనీరు 1924లో చెప్పిన పద్ధతి. పది కెపాసిటర్లను, అంటే విద్యుత్ చార్జ్‌ను దాచిపెట్టే పరికరాలను, సమాంతరంగా కలిపి, ఒక్కోదాన్ని 50 కిలోవోల్టుల దాకా చార్జ్ చేస్తారు. వాటి మధ్య స్పార్క్ గ్యాప్‌లు, అంటే వోల్టేజ్ బాగా పెరిగితేనే నిప్పురవ్వ దూకే చిన్న ఖాళీలు, ఉంటాయి.

మన గొలుసుకట్టు చెరువులు తెలుసు కదా. అన్నీ నిండుగా ఉన్నప్పుడు పై చెరువు కట్ట తెగితే కిందిది ఆగదు, దాని కిందిదీ ఆగదు. ఇక్కడా అంతే. మొదటి గ్యాప్‌లో స్పార్క్ పడగానే తర్వాతి గ్యాప్ మీద వోల్టేజ్ పెరిగి అదీ తెగుతుంది. పదీ వరుసలోకి వచ్చి దాదాపు 5 లక్షల వోల్టులు!

ఒక్కో కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అనుకోండి. పదింటిలో కలిపి ఉండేది 1250 జౌల్స్. 100 వాట్ల బల్బు పన్నెండు సెకన్లు వెలిగేంత, అంతే. అదే ఒక్క మైక్రోసెకనులో వదిలితే 1250 మెగావాట్లు. చెల్పూరు కాకతీయ థర్మల్ ప్లాంటు మొత్తం సామర్థ్యమే 1100 మెగావాట్లు. హై పవర్ మైక్రోవేవ్‌కు, ఫ్లాష్ ఎక్స్‌రేకు ఇలాంటి పల్సే కావాలి.

ఒక్క మాట. ఆపేశాక కూడా కెపాసిటర్‌ను నమ్మకండి. డిశ్చార్జ్ చేసినా లోపల మిగిలిన చార్జ్ మెల్లగా మళ్లీ టెర్మినళ్ల మీదికి వస్తుంది. అందుకే పక్కన పెట్టినా రెండు టెర్మినళ్లనూ తీగతో కలిపి ఉంచుతారు. ఈ ముక్క చెప్పకుండా స్పార్క్‌లు చూపించే వీడియోలంటే నాకు కోపం.

ఇక డబ్బు. ఇక్కడ కట్ట తెగదు, తూము ఎత్తుతారు, అదీ కొద్దికొద్దిగా. ఐడెక్స్ 2018లో మొదలైంది. స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు, వ్యక్తులు కూడా పోటీ పడొచ్చు. అందులోని డిఫెన్స్ ఇండియా స్టార్టప్ చాలెంజ్ అనే పోటీలో గరిష్ఠంగా కోటిన్నర. ఇది అప్పు కాదు, గ్రాంటు. కానీ ఒక్కో మైలురాయి దాటాకే తర్వాతి విడత. పైగా మీ వాటా కూడా పెట్టాలి. అంటే చెరువులోకి మీ వాగు నీళ్లు కూడా రావాలి. హై వోల్టేజ్ పనిలో కెపాసిటర్లు, ఇన్సులేషన్, టెస్టింగ్ ఖర్చు ముందే మీద పడుతుంది. అసలు టెన్షన్ అక్కడే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. ఐడెక్స్‌లోనే పెద్ద ప్రాజెక్టులకు ప్రైమ్‌లో 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి అనే పథకంలో 25 కోట్ల దాకా ఉంది. డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్‌లో ప్రాజెక్టుకు 50 కోట్ల దాకా. అమెరికాలో చిన్న కంపెనీల పరిశోధనకు డబ్బిచ్చే ఇలాంటి ఎస్‌బీఐఆర్ పథకం 1982లోనే మొదలైంది. అక్కడ కూడా మూడో దశకు, అంటే వస్తువును మార్కెట్‌లోకి తెచ్చే దశకు, ఆ పథకం డబ్బు ఇవ్వదు. ప్రోటోటైప్ పనిచేసినంత మాత్రాన ఆర్డర్ వచ్చినట్టు కాదు, ట్రయల్స్ వేరే ఉంటాయి. హైదరాబాద్ టీ-హబ్ ఐడెక్స్ భాగస్వామి ఇంక్యుబేటర్, అంటే స్టార్టప్‌లకు చేయూతనిచ్చే కేంద్రం, ముందు అక్కడ అడగండి.

అప్లై చేసే ముందు ఒక కాగితం మీద ఏ నెలలో ఏ సామాను కొనాలో, ఏ నెలలో ఏ విడత వస్తుందో పక్కపక్కన రాయండి. మధ్యలో ఖాళీ పడిన నెలలకు జీతాలు చేతిలో ఉన్నాకే సంతకం పెట్టండి.