ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ మనవి కావు

శ్రోతలకు నమస్కారం.

మీ ఫోన్‌లో ఎన్ని నంబర్లు ఉన్నాయో ఎప్పుడైనా చూసుకున్నారా? చుట్టాలు, స్నేహితులు, ఆఫీసువాళ్లు, పాలబ్బాయి, పిల్లల స్కూలు టీచరు, ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చిన ప్లంబరు. ఎంత తక్కువ అనుకున్నా వందల్లోనే తేలతాయి. ఏదో యాప్ వేసుకుంటాం. కాంటాక్టులు చూడనిస్తారా అని అది అడుగుతుంది. మన పని తొందరలో 'అనుమతించు' అని నొక్కేస్తాం. దాంతో ఆ వందల మంది పేర్లూ నంబర్లూ ముక్కూమొహం తెలియని కంపెనీ చేతికి వెళ్లిపోవచ్చు. వాళ్లలో ఒక్కరినైనా మనం అడిగామా?

ఈ విషయం ఎత్తితే చాలామంది అనే మాట ఒకటుంది. "నా దగ్గర దాచుకోవడానికి ఏముందండీ, చూస్తే చూసుకోనివ్వండి" అంటారు. అలా అనేవాళ్లు దాపరికం లేని మనుషులే. కానీ వాళ్లు ఇచ్చేస్తున్నది వాళ్ల ఒక్కరి సంగతే కాదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

2020 డిసెంబరులో తెలంగాణలో బయటపడ్డ లోన్ యాప్‌ల వ్యవహారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరోనా దెబ్బకు ఉద్యోగాలు పోయి, జీతాలు తగ్గి, చేతిలో డబ్బులాడని రోజులవి. నిమిషాల్లో అప్పు ఇస్తామంటూ యాప్‌లు వచ్చాయి. తాకట్టు అక్కర్లేదు, హామీ సంతకం అక్కర్లేదు. ఫోన్‌లోని కాంటాక్టులకూ ఫొటోలకూ అనుమతి ఇస్తే చాలన్నాయి. అసలు తాకట్టు అదేనని వాయిదా తప్పాక గానీ తెలియలేదు. అప్పు తీసుకున్న మనిషి మేనమామకూ, వదినగారికీ, ఆఫీసులో పై అధికారికీ ఫోన్లు వెళ్లాయి. మీవాడు మోసగాడంటూ వాట్సాప్‌లో ఫొటోలు తిప్పారు. రూపాయి అప్పు తీసుకోని వాళ్లకు కూడా బెదిరింపులు తప్పలేదు. ఆ పరువు నష్టం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు హైదరాబాద్‌లోనూ గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు.

ఆ తర్వాత కొంత మార్పు వచ్చింది. డిజిటల్ రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలిచ్చింది. గూగుల్ కూడా తన ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణాల యాప్‌లు కాంటాక్టులూ ఫొటోలూ చూడకుండా 2023 మే 31 నుంచి కట్టడి చేసింది. కాబట్టి అప్పు ఇస్తానంటూ ఇప్పుడు ఏ యాప్ అయినా కాంటాక్టులు అడిగితే, ఇక ఆలోచించకండి. వెంటనే తీసేయండి.

లోన్ యాప్‌ల దౌర్జన్యం కంటికి కనిపించింది. కనిపించకుండా జరిగే వ్యాపారం ఇంతకంటే చాలా పెద్దది. అమెరికాలో 'బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్' అని ఒక టార్చిలైటు యాప్ ఉండేది. చీకట్లో వెలుతురు ఇవ్వడం తప్ప దానికి వేరే పని లేదు. అయితే అది వాడేవాళ్లు ఎక్కడున్నారో, వాళ్లది ఏ ఫోనో ప్రకటనల సంస్థలకు చేరవేస్తోందని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో పట్టుకుంది. షరతులకు ఒప్పుకుంటున్నామని నొక్కే లోపే సమాచారం వెళ్లిపోతోందని కూడా ఆరోపించింది. టార్చిలైటుకు మన ఊరితో ఏం పని?

ఇదెలా సాగుతుందంటే, ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కూ ప్రకటనల కోసం ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మనం ఆడిన ఆట, చదివిన వార్త, ధర చూసి వదిలేసిన చీర, ఇవన్నీ వేరువేరు యాప్‌లలోవే అయినా అదే సంఖ్య కింద ఒకచోట చేరతాయి. మన ఫోన్ నంబరూ ఇదే పని చేస్తుంది. షాపులో బిల్లు కొట్టేటప్పుడు "నంబర్ చెప్పండి మేడమ్" అంటారే, అక్కడ చెప్పక తప్పదని చాలామంది అనుకుంటారు. చెప్పక్కర్లేదు. నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖే దుకాణదారులకు సూచించింది. "నంబరు ఇవ్వనండీ, బిల్లు ఇవ్వండి" అనడం మర్యాద తక్కువేమీ కాదు.

ఇక ఫోన్ సంగతి. ముందు ఆండ్రాయిడ్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ అని ఉంటుంది. ఫోన్‌ను బట్టి ఈ పేర్లు కాస్త మారతాయి. అక్కడ ఆ ప్రకటనల సంఖ్యను తొలగించవచ్చు. ఐఫోన్‌లో అయితే 2021 నుంచి, ఇతర కంపెనీల యాప్‌లలో మన జాడ కనిపెట్టాలంటే ప్రతి యాప్ ముందుగా అడగాల్సిందే. వద్దు అనండి, యాప్ పనిచేయడం మానేయదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోనే ఉండే పర్మిషన్ మేనేజర్‌లో కాంటాక్ట్స్ తెరిస్తే, ఏయే యాప్‌ల చేతిలో మనవాళ్ల నంబర్లున్నాయో వరసగా కనిపిస్తుంది. ఫొటోలకు రంగులద్దే యాప్‌కూ, పిల్లల ఆటకూ అవి ఎందుకు? ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా ఓసారి అడిగి తీసుకుని, వాళ్ల పక్కనే కూర్చుని చూడండి.

ఇంత చేసినా కంపెనీల కన్ను పూర్తిగా తప్పించుకోలేం. అందుకే చట్టం కావాలి. గోప్యత మన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసింది జస్టిస్ పుట్టస్వామి, కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే వెసులుబాటు అందులో ఎక్కువగా ఉందన్నది నా అభిప్రాయం, దాని మీద గట్టిగా మాట్లాడుకోవాలి. కానీ కంపెనీల విషయంలో మనకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. అనుమతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. అనుమతి కోరే వివరాలను ఇంగ్లిషులోనే కాకుండా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ చదువుకునే వీలుండాలి. అందులో తెలుగు ఉంది.

ఈ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలు సర్దుకోవడానికి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరాక, చదవలేని ఇంగ్లిషు పేజీ చూపించి ఒప్పుకోమనే కంపెనీని, తెలుగులో చూపించండి అని అడగండి. నమస్కారం.