ట్రస్ట్ ఫైలు ఉంటే చాలదు, ఇల్లు అందులో ఉండాలి

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. పండగ పూట చావు సంగతులేంటని ఇద్దరు ముగ్గురు పెద్దలు ముందే అన్నారు. వాళ్ళంటే గౌరవమే, అయినా చెప్పి తీరతాను. బే ఏరియాలో మనం ఇంతమందిమి మళ్ళీ ఎప్పుడు కలుస్తాం?

కాలిఫోర్నియాలో మనిషి పోతే, అతని ఒక్కడి పేరు మీదే ఉన్న ఇల్లు పిల్లలకు రావాలంటే కోర్టు గడప తొక్కాలి. అదే ప్రొబేట్. వీలునామా రాశాం, మాకేం భయం అంటారు చాలామంది. వీలునామా ఉన్నా ప్రొబేట్ తప్పదు. 2025 ఏప్రిల్ నుంచి 7.5 లక్షల డాలర్ల లోపు సొంతింటికి సులువు దారి పెట్టారు. మన చుట్టుపక్కల ఆ ధరకు ఇళ్ళు ఎన్ని ఉన్నాయి?

లాయరు ఫీజు చట్టంలోనే ఉంది. మొదటి లక్షకు 4 శాతం, రెండో లక్షకు 3, తర్వాతి 8 లక్షలకు 2, ఆపైన 1 శాతం. 15 లక్షల డాలర్ల ఇంటికి 28,000 డాలర్లు. వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటర్‌కూ అంతే తీసుకునే హక్కుంది. ఇంటి మీద 10 లక్షల లోన్ ఉన్నా సరే, లెక్క కట్టేది మొత్తం విలువ మీదే. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

దీన్ని తప్పించుకోవడానికే లివింగ్ ట్రస్ట్. బతికుండగానే ఇంటిని ట్రస్ట్ పేరు మీదికి మార్చి, మన తర్వాత ఎవరికి చెందాలో అందులో రాసి పెట్టడం. ఇన్సూరెన్స్, ఐఆర్ఏ, 401(కె) లాంటి రిటైర్మెంట్ ఖాతాలు మాత్రం బెనిఫిషియరీగా, అంటే మన తర్వాత డబ్బు అందుకునేవాళ్ళుగా, ఎవరి పేరు రాస్తే నేరుగా వాళ్ళకే వెళ్తాయి. పెళ్ళి కాకముందు ఇన్సూరెన్స్‌లో నాన్నగారి పేరు రాసి, ఆయన పోయినా మార్చనివాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు. ఆ సంగతి మళ్ళీ చెప్తాను. ముందు నా స్నేహితుడి విషయం చెప్పనివ్వండి.

భార్య పోయాక ఇద్దరు పిల్లల కోసం ట్రస్ట్ చేయించాడు. అందులో ఇంటి అడ్రస్ కూడా రాసి ఉంది. తర్వాత రీఫైనాన్స్ చేశాడు, అంటే పాత ఇంటి లోన్ తీర్చి కొత్త లోన్ తీసుకున్నాడు. ఇంటిని ట్రస్ట్ నుంచి బయటికి తీస్తేనే లోన్ అన్నారు, సంతకం పెట్టాడు. లోన్ వచ్చింది, ఇంటిని తిరిగి ట్రస్ట్‌లో పెట్టమని ఒక్కరూ చెప్పలేదు. గుండెపోటుతో పోయాడు. కౌంటీ రికార్డుల్లో ఇల్లు అతని సొంత పేరు మీదే ఉంది.

కూతురు అప్పుడే ఉద్యోగంలో చేరింది, తమ్ముడు కాలేజీలో. కోర్టు పని ఏడాది దాటినా తెమల్లేదు. అన్నాళ్ళూ ఇంటి లోన్, ప్రాపర్టీ ట్యాక్స్ ఆ పిల్ల జీతంలోంచే కట్టింది. "అంకుల్, నాన్న అన్నీ చేసే వెళ్ళారు కదా?" అని ఆ ఫైలు నా ముందు పెట్టి అడిగింది. అమ్మా అయ్యా, ఆ పిల్లకు ఏం చెప్పమంటారు?

ఇన్సూరెన్స్ సంగతి ఇంటికెళ్ళి చూసుకోండి, దానికి లాయరు అక్కర్లేదు. ఊళ్ళో పొలం, హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్నవాళ్ళు ఇండియా ఆస్తికి విడిగా వీలునామా రాయండి. ఇక్కడి వీలునామాలో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అనే వాక్యం ఉంటుంది. సరిచూసుకోకపోతే అక్కడ రాసింది కూడా పోయే ప్రమాదం ఉంది.

ట్రస్ట్ ఉండి, 2020, 2021లో వడ్డీలు తగ్గినప్పుడు రీఫైనాన్స్ చేసినవాళ్ళు ఇంటి డీడ్, అంటే ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చెప్పే పత్రం, తీసి చూడండి. మీ పేరు పక్కన "ట్రస్టీ" అని ఉందా? లేకపోతే ఇల్లు ట్రస్ట్‌లో లేదేమో అని అనుమానించండి. డీడ్ కాపీ మీ దగ్గర లేకపోతే, ఆస్తి పత్రాలు నమోదు చేసే కౌంటీ రికార్డర్ ఆఫీసులో ఇస్తారు. భోజనాలయ్యాక నేను తలుపు పక్క బల్ల దగ్గరే ఉంటాను. డీడ్ ఫోన్‌లో ఉన్నవాళ్ళు రండి, కలిసి చూద్దాం.