డ్రైవు మారిన ఫైలుకు పాత ప్రతులు ఎక్కడ దొరుకుతాయి?

ప్రేక్షకులకు నమస్కారం. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీని, అంటే మన ఫైళ్ల పాత ప్రతులను వేరే బ్యాకప్ డిస్కులో దాచి ఉంచే సదుపాయాన్ని, ఈ రోజు సమీక్షిస్తున్నాను. సి డ్రైవు నిండిపోయిందని ఫైళ్లను డి డ్రైవుకు మార్చినప్పుడు వాటి పాత ప్రతులు ఏమవుతాయన్నదే నా పరీక్ష.

ఇందుకు మా నాన్నగారి ఎక్సెల్ ఫైలును తీసుకున్నాను. ఆయన మా అపార్ట్‌మెంటు సంఘానికి కోశాధికారి. నీళ్ల ట్యాంకర్ల ఖర్చు, లిఫ్టు మరమ్మతులు, వాచ్‌మన్ జీతం అన్నీ అందులోనే రాస్తారు. ఆ ఫోల్డరును కట్ చేసి డి డ్రైవులో పేస్ట్ చేసి, ఫైల్ హిస్టరీ కాపాడే లైబ్రరీలో (విండోస్‌లోని ఫోల్డర్ల జాబితాలో) చేర్చి, రెండు రోజుల తరువాత ఫైలు ప్రాపర్టీస్‌లో పాత ప్రతులను చూపే ప్రీవియస్ వెర్షన్స్ తెరిచాను. డ్రైవు మార్చిన తరువాతి ప్రతులే ఉన్నాయి, అంతకు ముందువి ఒక్కటీ కనిపించలేదు.

అవి పోలేదు. బ్యాకప్ డిస్కులో ఫైల్ హిస్టరీ ఫోల్డరు తెరిచి, యూజరు పేరు, కంప్యూటరు పేరు దాటి డేటా వరకు వెళ్తే, సి అని ఒకటి, డి అని ఒకటి పక్కపక్కనే రెండు ఫోల్డర్లు ఉంటాయి. ఫైలు ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో ఉందో ఆ చిరునామా కిందే ప్రతులు చేరుతాయి కాబట్టి, చిరునామా మారగానే అదే ఫైలు కొత్త ఫైలుగా లెక్కకు వస్తుంది, దాని చరిత్ర మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఆ ప్రతుల పేర్ల చివర బ్రాకెట్లలో తేదీ, సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి. అక్కడ 04_12 అని ఉంటే మన గడియారంలో ఉదయం 9.42 అని అర్థం. అయిదున్నర గంటలు కలుపుకోకపోతే ఏ రోజు ప్రతి ఏదో తారుమారవుతుంది.

అసలు ప్రమాదం పాత ప్రతులను చెరిపేసే క్లీనప్ బటన్‌తో వస్తుంది. ఫైల్ హిస్టరీ కాపాడే ఫోల్డర్ల పరిధిలో ఉన్న ఫైలుకైతే అది చివరి ప్రతిని ఉంచి, అంతకంటే పాతవాటినే తీసేస్తుంది. పాత ఫోల్డరునే పరిధి నుంచి తొలగించి ఉంటే మాత్రం, గడువు దాటిన ప్రతులన్నీ, చివరిదానితో సహా, తుడిచిపెట్టుకుపోతాయి. డ్రైవులు సర్దుకున్న వారమే డిస్కు ఖాళీ చేద్దామని ఆ బటన్ నొక్కవద్దని మిమ్మల్ని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

మ్యాక్‌లోని బ్యాకప్ సదుపాయమైన టైమ్ మెషీన్ బయటి డ్రైవులను మనం చెప్పనిదే బ్యాకప్ చేయదు. చేర్చిన తరువాత 50 జీబీ ఫోల్డరును అక్కడికి మారిస్తే అది మళ్లీ 50 జీబీగా కాపీ అవుతుంది, చోటు చాలకపోతే అన్నిటికంటే పాత బ్యాకప్‌లు చెరిగిపోతాయి. బోర్గ్, రెస్టిక్ వంటి బ్యాకప్ ప్రోగ్రాములు ఫైలును ముక్కలుగా చేసి ముక్కలోని సమాచారాన్ని బట్టి గుర్తుపడతాయి కాబట్టి, డ్రైవు మారినా అదే సమాచారాన్ని రెండోసారి నిల్వ చేయవు. ఈ విషయంలో నాకు వాటి పద్ధతే మెరుగ్గా అనిపించింది.

ఫైల్ హిస్టరీ ప్రతులను దాచడంలో నమ్మదగినదే, వాటిని వెతికి చూపించడంలో మాత్రం బలహీనమైనది. ఇప్పుడు నేను ముందు కాపీ చేస్తున్నాను, కొత్త ఫోల్డరును లైబ్రరీలో చేర్చి వెంటనే బ్యాకప్ తీసే రన్ నౌ నొక్కుతున్నాను, డిస్కులో డి కింద ప్రతి కనబడిన తరువాతే సి లోనిదాన్ని తీసేస్తున్నాను. పాత చిరునామాను, మార్చిన తేదీని కొత్త ఫోల్డరులోనే ఒక నోట్‌ప్యాడ్ ఫైలులో రాసి ఉంచుతున్నాను. నాన్నగారు నిన్న అడిగిన పాత లిఫ్టు మరమ్మతు లెక్క, ఆ నోటు చూసి సి ఫోల్డరుకు వెళ్తే రెండు నిమిషాల్లో దొరికింది.