డీఎఫ్ చాలదు, ఫైండ్‌మౌంట్ కావాలి: ఏ ఫోల్డర్ ఏ డిస్క్‌ మీద ఉందో చెప్పే కమాండ్‌పై నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఒక సంస్థ తన కొత్త ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీని రివ్యూ కోసం నాకు ఉచితంగా పంపింది, ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం. దాని వేగం, ధర మీరు ఈపాటికి వేరేచోట చూసే ఉంటారు కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. ఆ డిస్క్‌ను నా లినక్స్ యంత్రానికి తగిలించి, మౌంట్ చేసిన (అంటే ఒక ఫోల్డర్‌కు జోడించిన) వెంటనే నేను టైప్ చేసిన కమాండ్ గురించే ఈ రోజు మాట్లాడతాను. దాని పేరు ఫైండ్‌మౌంట్. టైప్ చేసేటప్పుడు మౌంట్ అన్న మాటకు ఎమ్, ఎన్, టీ అనే మూడక్షరాలే రాయాలి.

తెర మీద చూడండి. మౌంట్ పాయింట్ స్లాష్ ఎంఎన్‌టీ స్లాష్ బ్యాకప్, పరికరం ఎస్‌డీబీ1, ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఎక్స్‌ఫ్యాట్. ఈ ఒక్క వరుస నాకు పెద్ద ఇబ్బందిని తప్పించింది. ఎక్స్‌ఫ్యాట్‌లో యునిక్స్ యజమాని వివరాలు గానీ అనుమతులు గానీ నిల్వ ఉండవు కాబట్టి, నా సర్వర్ ఫైళ్లను దాని మీదికి బ్యాకప్ తీస్తే తిరిగి పెట్టే రోజున అవన్నీ పోయి ఉంటాయి. అందుకే దానిని లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసిన తర్వాతే వాడటం మొదలుపెట్టాను.

ఇంత జాగ్రత్త ఎందుకో చెబుతాను. రెండేళ్ల క్రితం నా దగ్గర ఉన్న పాత యూఎస్‌బీ డిస్క్ కేబుల్ వదులై, యంత్రం రీబూట్ అయినప్పుడు డిస్క్ మౌంట్ కాలేదు. అయితే బ్యాకప్ అనే ఖాళీ ఫోల్డర్ మాత్రం రూట్ డిస్క్‌లో (సిస్టమ్ నడిచే ప్రధాన డిస్క్‌లో) అలాగే ఉంది. రోజూ రాత్రి నడిచి ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ఆ తేడా గమనించదు కదా, పదకొండు రాత్రులు ఫైళ్లన్నీ రూట్ డిస్క్‌లోకే పోసింది. పన్నెండో రోజు ఉదయం డేటాబేస్ ఆగిపోయింది. డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే రూట్ నూరు శాతం నిండిందని చూపింది. కేబుల్ సరిచేసి డిస్క్‌ను మౌంట్ చేశాను. అక్కడే అసలు చిక్కు మొదలైంది. ఒక ఫోల్డర్ మీద డిస్క్ మౌంట్ అయినప్పుడు అంతకుముందు ఆ ఫోల్డర్‌లో ఉన్నవి కంటికి కనబడవు, కానీ చోటు మాత్రం ఆక్రమించే ఉంటాయి. ఫోల్డర్ల పరిమాణం లెక్కించే డీయూతో ఎంత వెతికినా లెక్క తేలలేదు. సగం రోజు గడిచాక డిస్క్‌ను అన్‌మౌంట్ చేసి ఆ ఫోల్డర్‌లోకి తొంగి చూస్తే, పదకొండు రాత్రుల బ్యాకప్ అక్కడ ఉంది.

ఫైండ్‌మౌంట్‌లో నాకు ప్రాణమైన రెండు ఆప్షన్లు ఈ సమస్యకే జవాబు. హైఫన్ పెట్టి పెద్ద టీ రాసి, ఏ ఫోల్డర్ పేరు ఇచ్చినా, అది ప్రస్తుతం ఏ ఫైల్ సిస్టమ్ మీద ఉందో చెబుతుంది. ఆ రోజు అడిగి ఉంటే బ్యాకప్ బదులు ఒట్టి స్లాష్ (అంటే రూట్) చూపేది. పెద్ద ఎమ్ ఇస్తే ఆ ఫోల్డర్ స్వయంగా మౌంట్ పాయింట్ అయితేనే జవాబు వస్తుంది, కాకపోతే ఏమీ ముద్రించకుండా వైఫల్య సంకేతంతో ముగుస్తుంది. స్క్రిప్ట్‌కు ఇంతకంటే ఏం కావాలి?

డీఎఫ్‌కు పెద్ద టీ జోడిస్తే అది కూడా ఫైల్ సిస్టమ్ రకం చెబుతుంది, కాదనను. కానీ అది ప్రతి ఫైల్ సిస్టమ్‌ను ఖాళీ ఎంతుందని అడుగుతుంది కనుక, హార్డ్ మౌంట్ (జవాబు వచ్చేదాకా ఎదురుచూసే రకం) చేసిన ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సర్వర్, ఒకటి పడిపోతే టెర్మినల్ అలాగే బిగుసుకుపోతుంది. సర్వర్ గదిలో అందరూ మీ వైపు చూస్తున్నప్పుడు అది ఎంత చిరాకో అనుభవించిన వారికే తెలుసు. ఏ ఆప్షనూ ఇవ్వని ఫైండ్‌మౌంట్ లినక్స్ కెర్నల్ ఇచ్చే మౌంట్‌ఇన్ఫో అనే మౌంట్ల పట్టికను చదివి ఊరుకుంటుంది.

రకం విషయంలో ఒక హెచ్చరిక. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే డ్రైవర్ ద్వారా మౌంట్ చేస్తే ఫైండ్‌మౌంట్ ఫ్యూజ్‌బీఎల్‌కే అంటుంది, డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కమాండ్ మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ అంటుంది. రెండూ నిజమే: మొదటిది నడిపిస్తున్న డ్రైవర్ పేరు, రెండోది డిస్క్ మీద ఉన్న ముద్ర. అలాగే ఫైల్ సిస్టమ్ వివరాలు చూపే స్టాట్ హైఫన్ ఎఫ్ కమాండ్ ఈఎక్స్‌టీ4ను ఈఎక్స్‌టీ2 లేదా 3 అని చూపుతుంది, ఎందుకంటే ఆ మూడింటికీ ఈఎఫ్53 అనే గుర్తింపు సంఖ్య ఒక్కటే. కనుక ఫార్మాట్ చేసే ముందు ఒక్క కమాండ్ మాటే నమ్మవద్దు.

ఈ సాధనం లినక్స్‌కే పరిమితం. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో డీఎఫ్‌కు పెద్ద టీ ఇవ్వాలి, మ్యాక్‌లో ఒట్టి మౌంట్ కమాండ్ సరిపోతుంది. ఆ లోటు ఉన్నా నా తీర్పు ఫైండ్‌మౌంట్‌కే. పంపిన ఎస్‌ఎస్‌డీ కూడా బాగానే ఉంది. నిన్న రాత్రి దాన్ని కావాలనే తీసి ఉంచాను. ఫైండ్‌మౌంట్‌తో తనిఖీ చేసే నా బ్యాకప్ స్క్రిప్ట్ మొదటి వరుసలోనే ఆగి, ఒక్క ఫైల్ కూడా కాపీ చేయకుండా నాకు ఈమెయిల్ పంపింది.