రీఫ్ ట్యాంకు నీటి పరీక్ష: నాడి ఎక్కడ పట్టుకోవాలి

అందరికీ నమస్కారం.

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టిన కొత్తలో చాలామంది ఆదివారం పొద్దున్నే కూర్చుని ఉన్న కిట్లన్నీ తెరుస్తారు. ఎనిమిది పరీక్షలు వరసగా చేసి, ఎనిమిది అంకెలు రాసుకుని, ఏది తక్కువ కనిపిస్తే దాని సీసా ఎత్తి పోసేస్తారు. వారం తిరిగేసరికి పగడాల కొనలు తెల్లబడతాయి. అందుకని ఈ రోజు పరీక్షల జాబితా చదవను. ఏ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు, ఏ అంకెను చూసి మోతాదు వేయాలి అన్నదే చెబుతాను.

ముందు ఉప్పదనం తేలాలి, ఎందుకంటే మిగతా కొలతలన్నీ దాంతోపాటే పెరిగి తగ్గుతాయి. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత 1.026 పైచిలుకు. మీ ట్యాంకు 32కు జారితే, 420 పీపీఎం (పది లక్షల్లో వంతులు) ఉండాల్సిన కాల్షియం 384గా కనిపిస్తుంది. అది చూసి కాల్షియం పోస్తే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేర్చినట్టు. అక్కడ తగ్గింది ఉప్పు.

రిఫ్రాక్టోమీటరును (కాంతి వంగడాన్ని బట్టి ఉప్పదనం చూపే పరికరం) ఆర్‌ఓ (పొర గుండా వడకట్టి లవణాలు తీసిన) నీటితో సున్నాకు సరిచేసి అంతటితో వదిలేస్తే, అది సున్నా దగ్గర మాత్రమే నిజం చెబుతుంది. మనకు కావాల్సింది 35 దగ్గర నిజం. పైగా చవకగా దొరికే పరికరాల్లో చాలావాటి గీతలు మామూలు ఉప్పు నీటికి గీసినవి, సముద్రపు నీటికి కాదు. దీనికి ఇంట్లోనే ప్రమాణ ద్రావణం చేసుకోవచ్చు. 36.5 గ్రాముల శుద్ధ సోడియం క్లోరైడును 963.5 గ్రాముల డిస్టిల్డ్ నీటిలో కరిగించండి. రెండూ తూచి తీసుకోవాలి. వక్రీభవనంలో ఇది 35 ఉన్న సముద్రపు నీటికి సమానం. ఒక చుక్క వేసి, అది పరికరం వేడికి వచ్చేదాకా అర నిమిషం ఆగి, మర తిప్పి 35కు పెట్టుకోండి. ఈ ద్రావణం రిఫ్రాక్టోమీటరుకే పనికొస్తుంది. విద్యుద్వాహకత కొలిచే పెన్ను ఉన్నవాళ్లు దానికి సరిపోయే ప్రమాణ ద్రావణమే వాడాలి. ముల్లు లేచే ప్లాస్టిక్ హైడ్రోమీటరు వాడేవాళ్లు ముల్లుకు అంటిన గాలి బుడగలు తట్టి పోగొట్టాకే చదవండి. ఒక్క బుడగ చాలు, ముల్లు పైకి లేచి ఉప్పు ఎక్కువ చూపిస్తుంది.

మన ఎండాకాలంలో ఇంకో సంగతి. ఆవిరయ్యేది నీరు, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. 200 లీటర్లలో 4 లీటర్లు ఆవిరైతే 35 కాస్తా 35.7 అవుతుంది. కాబట్టి ముందు తగ్గిన నీటిని ఆర్‌ఓ డీఐ నీటితో (మిగిలిన లవణాలను రెజిన్ కూడా తీసేసిన నీరు) గీత దాకా నింపి, అరగంట తిరగనిచ్చి, ఆ తర్వాతే ఏ పరీక్షైనా చేయండి. వంటింటి ఆర్‌ఓ ఫిల్టరు నీళ్లు దీనికి వద్దు. రుచి కోసం వాటిలో చాలావరకు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలరో, మినరల్ కాట్రిడ్జో ఉంటుంది. తీసిన లవణాల్లో కొంత మళ్లీ కలుస్తుంది. డీఐ రెజిన్ దాటిన నీరు టీడీఎస్ మీటరులో 0 చూపించాలి. 1, 2 కనపడడం మొదలైందంటే రెజిన్ మార్చే వేళయింది.

ఇక అసలు విషయం, ఆల్కలినిటీ, అంటే నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. కిట్ల మీద కేహెచ్ అని ఉంటుంది, దాని కొలమానం డీకేహెచ్. సహజ సముద్రంలో సుమారు 7 డీకేహెచ్. ఇంటి ట్యాంకుల్లో 7 నుంచి 9 మధ్య ఎక్కడైనా ఫర్వాలేదు, కదలకుండా ఉంటే చాలు. దీన్ని నాడి అనడానికి గట్టి కారణం ఉంది. పగడం అస్థిపంజరం కట్టేటప్పుడు కాల్షియంనీ ఆల్కలినిటీనీ ఒక లెక్క ప్రకారం తీసుకుంటుంది. 1 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం సుమారు 7 పీపీఎం ఖర్చవుతుంది. ఎనిమిదిలో ఒకటి పోతే ఎవరికైనా కనబడుతుంది. 420లో 7 పోతే, 10 పీపీఎం కంటే సన్నగా కొలవలేని కిట్టుకు అసలు కనబడదు. అంటే పగడాలు పెరుగుతున్నాయా, ఆగిపోయాయా అన్నది ముందుగా తెలిసేది ఆల్కలినిటీలోనే. రోజూ పడిపోయే ఆల్కలినిటీ పడిపోవడం ఆగిందంటే, కంటికి ఏమీ కనిపించకముందే ట్యాంకులో ఏదో తేడా వచ్చిందని అర్థం.

పరీక్షలో జరిగేది ఇది. కొలిచిన ట్యాంకు నీటికి ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా కలుపుతాం. బైకార్బొనేటు అంతా ఖర్చయి పీహెచ్ నాలుగున్నర చుట్టుపక్కలకు పడిపోయినప్పుడు సూచిక (కిట్టులోని రంగు మార్చే ద్రవం) రంగు మారుతుంది. పట్టిన ఆమ్లమే లెక్క. కాబట్టి పొరపాటుకు చోటు రెండు దగ్గరలే ఉంది: నీటి కొలతలో, ఆమ్లపు కొలతలో. 5 మిల్లీలీటర్ల నీటిలో పావు మిల్లీలీటరు తేడా వస్తే ఫలితంలో 5 శాతం తేడా. 8 డీకేహెచ్ దగ్గర అది 0.4. అందుకే గాజు గొట్టం మీది గీతను నమ్మకుండా సిరంజితో నీళ్లు తీసుకోవడం మేలు. గొట్టాన్ని ముందు ట్యాంకు నీటితోనే మూడుసార్లు కడగాలి. కుళాయి నీటి చుక్క మిగిలితే దాని ఆల్కలినిటీ కూడా లెక్కలో కలుస్తుంది. చుక్కల సీసాను నిట్టనిలువుగా పట్టాలి. వంచితే చుక్క సైజు మారుతుంది. కొన్ని కిట్లలో ఒక చుక్కకు 1 డీకేహెచ్. రీఫ్‌కు అది మరీ ముతక కొలత. నీళ్లు రెట్టింపు, సూచిక కూడా కలపాల్సిన కిట్టయితే అదీ రెట్టింపు తీసుకోండి. అప్పుడు చుక్కకు అర డీకేహెచ్ అవుతుంది. సిరంజి ఉన్న కిట్లలో కొనకు ప్లాస్టిక్ ముక్కు పెట్టి ద్రవం పీల్చినప్పుడు కాస్త గాలి లోపల నిలుస్తుంది. అది ముక్కులోని గాలే, కంగారు పడక్కర్లేదు. నల్ల పిస్టన్ అడుగు అంచు ఏ గీత మీద ఉందో చూడండి.

రంగు ఎప్పుడు మారిందనాలి? ట్యాంకు నీలి దీపాల కింద చూడకండి, అక్కడ ఏ రంగూ దాని రంగులో ఉండదు. కిటికీ దగ్గర, వెనక తెల్ల కాగితం పెట్టుకుని, కలిపాక పోకుండా నిలిచిన మొదటి మార్పు దగ్గర ఆపండి. ఇంకొందరు పూర్తి రంగు వచ్చేదాకా వెళ్తారు. ఏదైనా సరే, ప్రతిసారీ ఒకే చోట ఆపాలి. మనకు కావాల్సింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కాబట్టి, ఒకే రకంగా జరిగే చిన్న పొరపాటు ఆ తేడాలో కొట్టుకుపోతుంది.

కిట్టు మీదే అనుమానం వస్తే దాన్నీ పరీక్షించవచ్చు. 3 గ్రాముల తినే సోడాను డిస్టిల్డ్ నీటిలో కరిగించి 1 లీటరు చేయండి. అది 100 డీకేహెచ్. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ 1 లీటరు చేస్తే 10 డీకేహెచ్. కిట్టు 9.5 నుంచి 10.5 లోపు చూపిస్తే వాడుకోవచ్చు. బేకింగ్ పౌడరు దీనికి కుదరదు, అందులో ఆమ్లపు పొడి కూడా ఉంటుంది. ఈ ద్రావణం చుక్కల కిట్లకు, సిరంజి కిట్లకే. సముద్రపు నీటికని తయారైన డిజిటల్ చెకర్లు ఉప్పు లేని నీటిలో తేడాగా చదవవచ్చు.

ఇప్పుడు మోతాదు లెక్క. ట్యాంకు 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు అనుకుందాం. గాజు కొలతల ప్రకారం 191 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన ఖాళీ తీసేసి, సంపు (ట్యాంకుకు కలిపి ఉండే ఫిల్టరు తొట్టి) నీళ్లు కలిపితే అసలు నీరు 200 లీటర్లని పెట్టుకుందాం. మోతాదులు ఆపి, సోమవారం రాత్రి ఎనిమిదింటికి కొలిస్తే 8.6, గురువారం అదే వేళకు 7.1. మూడు రోజుల్లో 1.5, అంటే రోజుకు 0.5. 100 లీటర్లను 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల తినే సోడా కావాలి. మన 200 లీటర్లకు రోజుకు 3 గ్రాములు. దాంతోపాటు పోయే కాల్షియం రోజుకు 3.6 పీపీఎం. 100 లీటర్లను 10 పీపీఎం పెంచడానికి డైహైడ్రేట్ కాల్షియం క్లోరైడు 3.7 గ్రాములు కావాలి, కాబట్టి ఇక్కడ రోజుకు సుమారు 2.6 గ్రాములు. రెండింటినీ విడివిడిగా ఆర్‌ఓ నీటిలో కరిగించి, నీరు జోరుగా కదిలే చోట, కొన్ని గంటల ఎడంతో పోయాలి. ఒకేచోట కలిస్తే సుద్దలా విరిగి అడుగుకు దిగుతుంది, రెండూ వృథా. పడిపోయిన ఆల్కలినిటీని పైకి తేవాలంటే రోజుకు 1 డీకేహెచ్ మించి పెంచకండి. అందులో సగమే ఇంకా మంచిది.

రెండూ ఒకేసారి ఇచ్చే పాత పద్ధతి సున్నపు తేట. కాల్షియం హైడ్రాక్సైడు లీటరుకు 2 గ్రాములు కలిపి, తేరనిచ్చి, పైన ఉన్న తేటను ఆవిరైన నీటికి బదులు చుక్కచుక్కగా వదలడం. పీహెచ్ 12 దాటిన ద్రవం అది, కళ్లకు, చేతులకు జాగ్రత్త. ఒక్కసారిగా పోస్తే చేపలకు ప్రాణాంతకం. ఆవిరయ్యే నీటి కంటే ఎక్కువ పోయలేం కాబట్టి గట్టి పగడాలు నిండిన ట్యాంకుకు ఇదొక్కటే చాలదు. తాంబూలం సున్నం వాడకండి, శుద్ధత తెలియదు.

కాల్షియం పరీక్ష రెండు వారాలకోసారి చాలు, 400 నుంచి 450 మధ్య ఉంటే కదపక్కర్లేదు. మెగ్నీషియం నెలకోసారి, 1280 నుంచి 1350 మధ్య. సోడా, కాల్షియం ఎంత పోసినా నిలవడం లేదు, హీటరు మీద, పంపు రెక్కల మీద తెల్ల పొర కడుతోంది అంటే ముందు మెగ్నీషియం చూడండి. అది తక్కువైతే కాల్షియం కార్బొనేటు పగడాల దాకా చేరకుండా దారిలోనే గడ్డకడుతుంది.

నైట్రేటు, ఫాస్ఫేటుల దగ్గర చాలామంది సున్నా కోసం తాపత్రయపడతారు. దయచేసి వద్దు. పగడాలకు ఈ రెండూ కొద్దిగా కావాలి. నైట్రేటు 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం ఉంటే సుఖం. రెండూ సున్నాకు పడిన ట్యాంకుల్లో ఇసుక మీద గోధుమరంగు జిగురు తీగలు, వాటి కొసన బుడగలు కనపడతాయి. అవి డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవులు, వదిలించుకోవడానికి నెలలు పట్టవచ్చు. పోషకాలు లేని నీటిలో ఆల్కలినిటీ ఎక్కువగా ఉంచితే అక్రోపోరా పగడాల కొనలు మాడేది కూడా ఇక్కడే.

కొన్ని నైట్రేటు కిట్లలో రెండో సీసాలోని పదార్థం అడుగున గట్టిపడుతుంది. కిట్టు కాగితం అర నిమిషం ఊపమంటే అర నిమిషం గట్టిగా ఊపాల్సిందే, లేకపోతే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. కొత్త ట్యాంకులో నైట్రైటు ఉంటే నైట్రేటు రీడింగు దానివల్ల ఉబ్బుతుంది, ఆ అంకెను పట్టించుకోవద్దు. ఫాస్ఫేటుకు కంటితో రంగు పోల్చే కిట్లు ఈ స్థాయిలో పనికిరావు, డిజిటల్ చెకరే కావాలి. అందులోనూ హన్నా అల్ట్రా లో రేంజ్ చెకరు పొరపాటు ±0.02 పీపీఎం దాకా ఉంటుంది. తెర మీద 0.03 అంటే అసలు 0.01 కావచ్చు, 0.05 కావచ్చు. ఫాస్ఫరస్ చూపే చెకరైతే పీపీబీ (వంద కోట్లలో వంతులు) అంకెను 3.066తో గుణించి 1000తో భాగించాలి. 20 పీపీబీ అంటే 0.06 పీపీఎం ఫాస్ఫేటు. గాజు మీద వేలిముద్ర, లోపల బుడగ, కరగని పొడి రేణువు, ఈ మూడూ అంకెను పెంచుతాయి. పొట్లంలో పొడి మిగిలిపోతే తగ్గుతుంది. ఎక్కువ కనిపించిందని ఫాస్ఫేటును పీల్చే ఫెర్రిక్ మీడియా నిండా పెట్టి ఒక్క రోజులో దించకండి. ఫాస్ఫేటు ఎక్కువ కావడం కంటే ఒక్కసారిగా పడిపోవడమే పగడాలకు ఎక్కువ దెబ్బ.

పీహెచ్ గురించి ఒక్క మాట. దీపాలు వెలగబోయే ముందు అన్నిటికంటే తక్కువ, సాయంత్రం ఎక్కువ. వేళ రాయని పీహెచ్ అంకెకు అర్థం లేదు. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో 7.8 దాటకపోతే, ఒక చెంబు ట్యాంకు నీళ్లు బాల్కనీలోకి తీసుకెళ్లి గంటసేపు గాలి రాయితో బుడగలు పట్టించి మళ్లీ కొలవండి. పెరిగిందంటే కారణం గదిలోని కార్బన్ డయాక్సైడు. పీహెచ్ పెంచే సీసా కొనే బదులు స్కిమ్మరు (బుడగలతో మురికిని తీసే పరికరం) గాలి పైపును కిటికీ బయటికి పెట్టండి.

అనుకోని అంకె వస్తే ఆ పూట ఏమీ పోయకండి. ముందు ఉప్పదనం చూడండి, గొట్టం కడిగి పరీక్ష మళ్లీ చేయండి, కిట్టు గడువు తేదీ చూడండి. మే నెలలో 40 డిగ్రీల గదిలో మగ్గిన రీయేజెంటు గడువు లోపల ఉన్నా తేడా చేయవచ్చు. రెండోసారీ అదే వస్తే మర్నాడు అదే వేళకు మూడోసారి కొలవండి. పుస్తకంలో తేదీ, వేళ, అంకె, ఏ కిట్టు, ఏ బ్యాచ్, ఆ రోజు వేసిన మోతాదు రాయండి. కొత్త కిట్టు తెరిచిన రోజు పాతదానితో కూడా కొలిచి రెండు అంకెలూ పక్కపక్కన రాసిపెట్టుకోండి. లేకపోతే కిట్టు మారినప్పుడు వచ్చిన తేడాను ట్యాంకులో వచ్చిన మార్పనుకుని మోతాదు మార్చేస్తారు.

ఇప్పుడు కిట్లు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి. బల్ల మీద 10 డీకేహెచ్ ద్రావణం సిద్ధంగా ఉంది, ఒక్కొక్కటిగా పరీక్షించి చూద్దాం.