పాత గట్లే కొత్త హద్దులు: ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఎందుకలా వంకర తిరిగింది?

(స్క్రీన్ మీద: ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా మ్యాప్)

నమస్తే అండి. "తెలుగు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ గీత గీశారు, అవతల ఒడిశా" అని ఇంకొక్కరు చెప్తే నాకు బీపీ పెరిగేలా ఉంది. విశాఖలో పుట్టి పెరిగిన వాళ్లు కూడా ఇదే మాట. అదే నిజమైతే ఒడిశాలోని బరంపురంలో అంతమంది తెలుగువాళ్లు ఏం చేస్తున్నారండీ? వి.వి.గిరి గారు పుట్టింది అక్కడే కదా. ఇక "తూర్పు కనుమలే హద్దు" అనేవాళ్లు ఇంకో బ్యాచ్. సరే, మరి ఘాట్ రోడ్డెక్కి పైన కూర్చున్న అరకు, పాడేరు మనవైపు ఎలా ఉండిపోయాయి?

అసలు సంగతేంటంటే, ఇది అన్నదమ్ముల పంపకం.

ఉమ్మడి కుటుంబం పేరు బ్రిటిష్ కాలం నాటి మద్రాస్ ప్రెసిడెన్సీ. అందులో మన విశాఖపట్నం జిల్లా 17 వేల చదరపు మైళ్ల పైమాటే. 2022లో ముక్కలు చేశాక మిగిలిన జిల్లా వెయ్యి చదరపు కిలోమీటర్ల చిల్లర. ఒకటి మైళ్లలో, ఇంకోటి కిలోమీటర్లలో చెప్పాను, మీరే లెక్కేసుకోండి. ఆ పాత జిల్లాలో కొరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి, రాయగడ అన్నీ ఉండేవి. అదంతా జయపురం (ఇప్పుడు ఒడిశాలో ఉంది) జమీందారీ. ఆంధ్ర యూనివర్సిటీ (ఏయూ) సైన్స్ కాలేజీకి ఉన్న విక్రమదేవ్ పేరు ఆ జయపురం రాజావారిదే. రాజస్థాన్ రాజు అనుకునే వాళ్లు ఏయూలోనే కనబడతారు, ఏం చేస్తాం.

పంపకాలప్పుడు పెద్దమనుషులు ఏం చేస్తారు? పొలాన్ని అంగుళం అంగుళం కొలుస్తూ కూర్చోరు. కాలవ పక్క చెక్క పెద్దోడికి, ఊరి పక్క చెక్క చిన్నోడికి అనేస్తారు. పాత గట్టే కొత్త హద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు జరిగింది అదే. ఉత్తర్వులో హద్దులు చెప్పింది ఎస్టేట్ల, తాలూకాల పేర్లతో. జయపురం ఎస్టేటు, ఆ ఎస్టేటులోకి రాని పొట్టంగి తాలూకా ముక్క, గంజాంలో ఫలానా తాలూకాలు, ఇలా. భాష చూడలేదా అంటే చూశారు. ఒడియా వాళ్ల ఉద్యమమే భాష కోసం. 1931లో ఓడోనెల్ సరిహద్దు కమిటీ వేసిందీ అందుకే. కానీ గీత నడిచింది మాత్రం గట్ల మీదే.

పర్లాకిమిడి ఎస్టేటు దగ్గర గట్టు కూడా పనికిరాలేదు, ఇంటి మధ్యలో గోడ కట్టేశారు. అక్కడి రాజా కృష్ణచంద్ర గజపతి ఒడిశా కోసం గట్టిగా పట్టుబట్టారు (1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి, ఆయనే). పట్నం, కొండ ప్రాంతం అటు పోయాయి, పల్లం చాలావరకు ఇటు మిగిలింది. ఆ రాజకుటుంబం 1900లో నౌపడ నుంచి తమ ఊరికి చిన్న రైలు వేయించుకుంది. ఇప్పుడది పెద్ద లైనే. విశాఖ నుంచి గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. నౌపడ, టెక్కలి, పాతపట్నం వరకు బోర్డు తెలుగులో చదువుకుంటూ పోతారు. ఆ పక్క స్టేషనే పర్లాకిమిడి, ఒడిశా. మీరు సీట్లో సర్దుకునేలోపు గోడ దాటేశారు.

(స్క్రీన్ మీద: నదుల మ్యాప్)

ఇప్పుడు నీళ్లు. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తిన్నగా, బుద్ధిగా. దానికి కాస్త అవతల మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ చూడండి. సముద్రం తూర్పున పెట్టుకుని ఇది ఉత్తరానికి పోతుంది! తర్వాత మనసు మార్చుకుని వెనక్కి తిరిగి, డుడుమ దగ్గర దూకి, సీలేరు అయి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. అంటే మన కొండ మీద ఒక పక్క పడ్డ చినుకు భీమిలికి, ఇంకో పక్క పడ్డది రాజమండ్రి మీదుగా సముద్రానికి. కొంత దూరం ఈ మాచ్‌ఖండే రెండు రాష్ట్రాల మధ్య హద్దు. గట్టు మీద బావి ఉంటే పంచుకోలేం కదా, ఉమ్మడిగా వాడుకోవాలి. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం ఆ ఉమ్మడి బావి.

అన్ని బావులూ ఇంత సామరస్యంగా లేవు. వంశధార ఎగువ పొలం ఒడిశాది, దిగువ పొలం శ్రీకాకుళానిది. ఆ నది మీద నేరడి బ్యారేజీ తగువు ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

ఇక పంపకాల్లో ఎవరి వాటాలోకీ తేలని చెక్క ఒకటి ఉంటుంది చూశారా, అదే కొఠియా. సాలూరు పైన కొండల్లో 21 ఊళ్లు. 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లిన తగువు ఇప్పటికీ తేలలేదు. అక్కడివాళ్లకి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓట్లు. 2021లో మన పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. తప్పు ఊళ్లవాళ్లది కాదండీ, ఇద్దరూ పిలిచి అన్నం పెడుతుంటే ఎవరు వద్దంటారు?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. యానాం పుదుచ్చేరిలో ఎందుకుంది? ఫ్రెంచివాళ్ల చెక్క, 1954 దాకా వాళ్లదే. తిరుత్తణి? చిత్తూరు జిల్లా నుంచి 1960లో మద్రాసుకిచ్చి, బదులుగా కొన్ని ఊళ్లు తెచ్చుకున్నాం. బళ్లారికి విడిగా వీడియో చేయాలి, రెండు ముక్కల్లో చెప్తే అక్కడివాళ్లు ఊరుకోరు. భద్రాచలం తూర్పు గోదావరి నుంచి 1959లో ఖమ్మానికి వెళ్లింది. 2014లో పోలవరం కోసం చుట్టూ ఉన్న మండలాలు వెనక్కి వచ్చాయి, పట్నం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. రాములవారి గుడి అక్కడ, ఆయన మాన్యం ఉన్న పురుషోత్తపట్నం మన దగ్గర. దాని మీద నడుస్తున్న తగువు గురించి బళ్లారి వీడియోలోనే కలిపి చెప్తాను, ఉంటానండి.